మొక్కజొన్నను తయారుచేసినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు

ఎండిన మొక్కజొన్న పొత్తును ఒలవకుండా, డొప్పలతో సహా చేనులో వదిలేస్తే ఏమవుతుంది? మనలో చాలామంది చూసే ఉంటారు. వానలు పడగానే ఆ ఒక్క పొత్తు మీదే మొలకలు గుత్తిగా లేస్తాయి. వెలుతురు కోసం, నీటి కోసం ఒకదాన్నొకటి నొక్కుకుని దాదాపు అన్నీ చచ్చిపోతాయి. అడవిలో గడ్డి అలా కాదు. గింజ ముదరగానే రాలుతుంది, గాలికో నీటికో కొట్టుకుపోతుంది, దూరంగా మొలుస్తుంది. మొక్కజొన్న గింజ రాలదు. దాన్ని మనిషి ఒలవాలి, మనిషే విత్తాలి. అందుకే ప్రపంచంలో ఏ అడవిలోనూ అడవి మొక్కజొన్న కనిపించదు.

మరి మనిషి లేకుండా బతకలేని ఈ మొక్క మొదట ఎలా పుట్టింది? ఎవరు పుట్టించారు? ఈ రెండు ప్రశ్నల గురించే ఈ పోస్టు.

మా హాస్టల్‌లో బయాలజీ చదివేవాళ్లం, హిస్టరీ చదివేవాళ్లం కొందరం ఒకే గదిలో ఉంటాం. బయాలజీ పుస్తకంలో ఉత్పరివర్తనం ఒక పాఠం, లైంగిక ప్రత్యుత్పత్తి ఇంకో పాఠం, కృత్రిమ వరణం మరో పాఠం. మూడూ విడివిడిగా బట్టీ పట్టి పరీక్ష రాస్తాం. మొక్కజొన్న చరిత్ర చదివితే ఆ మూడు పాఠాలూ ఒకే కథ అని అర్థమైంది. ఇంకో కారణం కూడా ఉంది. ఆదివాసులకి ఆట, పాట, సంస్కృతి ఉన్నాయి గానీ సైన్స్ లేదు అనే మాట మనం స్కూల్ నుంచీ వింటూనే ఉన్నాం. ఆ మాటకి జవాబు వాదనతో కాకుండా ఆధారాలతో ఇవ్వాలనుకుంటున్నాం.

ముందే ఒక సంగతి చెప్పేస్తాం. ఇది మన పూర్వీకుల కథ కాదు. మెక్సికో దేశపు మూలవాసుల కథ. వాళ్ల గొప్పను మనం మన ఖాతాలో వేసుకోకూడదు. కానీ వాళ్లు చేసిన పని ఎలాంటిదో తెలిస్తే, మన ఇళ్లల్లో జరిగిన పని విలువ కూడా తెలుస్తుంది.

రాయిలాంటి గింజ ఉన్న గడ్డి

మెక్సికో నైరుతి వైపున బల్సాస్ అనే నది లోయ ఉంది. అక్కడి కొండవాలుల్లో తియోసింటె అనే గడ్డి పెరుగుతుంది. చూస్తే దానికీ మొక్కజొన్నకీ చుట్టరికం ఉందని ఎవరూ అనుకోరు. ఒకే కాండంగా కాకుండా పొదలాగా చాలా కొమ్మలు వేస్తుంది. దాని కంకి మన చిటికెన వేలంత ఉంటుంది. అందులో అయిదు నుంచి పన్నెండు దాకా గింజలు, అంతే. ప్రతి గింజ చుట్టూ రాయిలాంటి గట్టి పెంకు. కంకి పండగానే ముక్కలై గింజలు నేల మీద రాలిపోతాయి.

మన మొక్కజొన్న పొత్తులో అయిదొందల గింజలు మామూలే. పెంకు లేదు, గింజ బయటికే కనిపిస్తుంది, బెండుకి గట్టిగా అంటుకుని ఉంటుంది. ఈ రెండు మొక్కలూ ఒకటే జాతి అంటే నమ్మడం కష్టం. శాస్త్రవేత్తలు కూడా నమ్మలేదు.

1930ల్లో అమెరికాలో ఈ విషయం మీద పెద్ద వాదన నడిచింది. పాల్ మాంగెల్స్‌డార్ఫ్ అనే వృక్షశాస్త్రవేత్త, అసలు అడవి మొక్కజొన్న అనేది వేరే ఉండేదని, అది అంతరించిపోయిందని అన్నాడు. తియోసింటె తల్లి కాదు, తర్వాత కలయిక వల్ల పుట్టిన మొక్క అన్నాడు. చాలామంది ఆయన మాటే నమ్మారు.

ఎదురు వాదించినవాడు జార్జ్ బీడిల్. నెబ్రాస్కా రాష్ట్రంలో వాహూ అనే చిన్న ఊరి రైతు కొడుకు. తండ్రి వ్యవసాయంలోనే ఉండమన్నాడు, ఒక టీచర్ పట్టుబట్టి కాలేజీకి పంపింది. కార్నెల్ యూనివర్సిటీలో చదువుకునేటప్పుడు బీడిల్ తియోసింటెను, మొక్కజొన్నను కలిపి చూశాడు. పుట్టిన మొక్కలు గొడ్డుపోలేదు, బాగా గింజ కట్టాయి. రెండిటికీ క్రోమోజోములు పది జతలే, ఒకదానితో ఒకటి చక్కగా జతపడ్డాయి. ఇంత దగ్గరి చుట్టరికం ఉంటే తల్లీబిడ్డలే అయి ఉండాలి అన్నాడు. అంత గట్టి పెంకు గింజను మనుషులు ఎందుకు తింటారు అని అడిగినవాళ్లకి, తియోసింటె గింజల్ని వేడి చేసి చూపించాడు. అవి పేలాల్లాగా పేలాయి.

తర్వాత బీడిల్ వేరే పరిశోధనలోకి వెళ్లాడు. జన్యువులు ఎంజైముల్ని ఎలా నడిపిస్తాయో చూపించినందుకు 1958లో నోబెల్ బహుమతి వచ్చింది. 1968లో రిటైర్ అయ్యాక మళ్లీ పాత ప్రశ్న దగ్గరికే వచ్చాడు. ఈసారి మెక్సికోలో, తియోసింటె మొక్కజొన్నల మనవల తరాన్ని దాదాపు 50,000 మొక్కలు పెంచి లెక్కపెట్టించాడు.

ఈ లెక్క మనకి తెలిసిన మెండెల్ లెక్కే. తాత, అమ్మమ్మల మధ్య తేడా ఒక్క జన్యువుదే అయితే మనవల తరంలో నలుగురిలో ఒకరు అచ్చం తాతలా ఉంటారు. రెండు జన్యువులైతే 16లో ఒకరు. మూడైతే 64లో, నాలుగైతే 256లో, అయిదైతే 1024లో ఒకరు. వందల జన్యువుల తేడా అయితే ఎన్ని లక్షల మొక్కలు పెంచినా అచ్చం తాతలాంటిది దొరకదు. బీడిల్‌కి సుమారు 500 మొక్కలకి ఒకటి అచ్చం మొక్కజొన్నలా, ఇంకొకటి అచ్చం తియోసింటెలా దొరికింది. అంటే పెద్ద తేడాలన్నీ నాలుగైదు జన్యువుల దగ్గరే ఉన్నాయి. చిన్న చిన్న మార్పులు చేసే జన్యువులు ఇంకా చాలా ఉన్నాయని తర్వాత తేలింది. కానీ అసలు మాట నిలిచింది. తియోసింటే తల్లి.

2002లో డీఎన్ఏ పోల్చి చూసిన పరిశోధన, మొక్కజొన్న అంతా ఒక్కసారే, సుమారు 9,000 ఏళ్ల కింద, బల్సాస్ లోయ ప్రాంతపు తియోసింటె నుంచి వచ్చిందని చెప్పింది. 2009లో అదే లోయలో షివటోష్ట్లా అనే రాతి గూడు దగ్గర సుమారు 8,700 ఏళ్ల నాటి నూరుడు రాళ్లకి మొక్కజొన్న ఆనవాళ్లు అంటి ఉన్నట్టు దొరికింది. వహాకా రాష్ట్రంలో గిలా నాకిట్జ్ అనే గుహలో దొరికిన చిన్న చిన్న బెండ్లు సుమారు 6,250 ఏళ్ల నాటివి.

మార్పు అవసరం చూసి రాదు

ఇప్పుడు ఉత్పరివర్తనం పాఠానికి వద్దాం.

ఆ గట్టి పెంకు ఎలా పోయింది? 2005లో తేలింది. ఒక జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. ఆ ఒక్క మార్పుతో ప్రోటీన్‌లో ఒక అమైనో ఆమ్లం మారింది, గింజను మూసిన పెంకు తెరుచుకుంది. పొలంలో ఆ మొక్కను మొదట చూసినవాళ్లకి డీఎన్ఏ తెలియదు. పంటికింద పెంకు తగల్లేదు అని మాత్రం తెలిసింది. అది చాలు.

పొదలాంటి మొక్క ఒక్క కాండంగా ఎలా మారింది? దీని వెనకున్న జన్యువును జాన్ డోబ్లీ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం 1990ల్లో పట్టుకున్నారు. ఇందులో జన్యువు లోపల ఏమీ మారలేదు. దానికి కొంచెం దూరంలో వేరే డీఎన్ఏ ముక్క ఒకటి వచ్చి కూర్చుంది. దాంతో ఆ జన్యువు ఎక్కువగా పనిచేసి పక్క కొమ్మల్ని ఆపేసింది. బలమంతా ఒకే కాండానికి, కొన్ని పెద్ద పొత్తులకి వెళ్లింది.

ఇలా చోటు మారే డీఎన్ఏ ముక్కల్ని దూకే జన్యువులు అంటారు. వాటిని మొదట పట్టుకున్నది బార్బరా మెక్‌క్లింటాక్. అది కూడా మొక్కజొన్న గింజల మీద రంగు మచ్చలు చూసే. మచ్చ ఉన్న గింజను మనం పిల్లలకి ఆడుకోవడానికి ఇస్తాం. ఆమె ఆ మచ్చలు ఎందుకు వచ్చాయని ఏళ్ల తరబడి అడిగింది. 1951లో ఒక పెద్ద సమావేశంలో తన ఫలితాలు చెబితే ఎక్కువమంది పట్టించుకోలేదు. 1983లో, 81 ఏళ్ల వయసులో, నోబెల్ వచ్చింది.

ఇక్కడ అసలు విషయం ఒకటి ఉంది. కొమ్మల్ని ఆపిన ఆ డీఎన్ఏ ముక్క ఎప్పుడు వచ్చిందని లెక్కగడితే, పదివేల ఏళ్ల కంటే ముందే అని తేలింది. అంటే మనుషులు తియోసింటెను సాగు చేయకముందే. అడవి తియోసింటెలో ఇప్పటికీ అక్కడక్కడా అది ఉంది. పరీక్షల్లో చాలామందిమి తప్పు రాసేది ఇక్కడే. మొక్కకి అవసరమైంది కాబట్టి మారింది, మనిషి కోరుకున్నాడు కాబట్టి మారింది అని రాస్తాం. అలా జరగదు. మార్పు ఎవరినీ అడిగి రాదు. వచ్చినవాటిలో చాలావరకు ఎందుకూ పనికిరావు, కొన్ని చెరుపు చేస్తాయి. అడవిలో ఆ గింజ రాలకపోతే, పెంకు లేకపోతే ఆ మొక్కకి నష్టమే. ఎలుకలు తినేస్తాయి. ప్రకృతి వరణం దాన్ని పక్కన పెడుతుంది. మనిషి వచ్చి, నువ్వు నాకు కావాలి అని దాన్ని దాచాడు. అడవిలో లోపం అనిపించింది చేనులో గుణం అయింది.

ఒక్కో గింజకి ఒక్కో పీచు

రెండో పాఠం ప్రత్యుత్పత్తి. మార్పు ఒక మొక్కలో వచ్చి అక్కడే ఉండిపోతే పంట తయారవ్వదు. పెంకు లేని గుణం ఒక మొక్కలో ఉంది, కొమ్మలు తక్కువ వేసే గుణం ఇంకో మొక్కలో ఉంది అనుకుందాం. ఆ రెండూ ఒకే మొక్కలోకి రావాలంటే కలయిక కావాలి. ఆ పని చేసేది పుప్పొడి.

మొక్కజొన్నలో ఇది కంటికి కనిపించేటట్టు జరుగుతుంది. తల మీద జల్లు మగ పూత. మధ్యలో పొత్తు ఆడ పూత. పొత్తు నుంచి బయటికి వచ్చే పీచు ఉంది కదా, అందులో ఒక్కో పోగు ఒక్కో గింజకి చెందినది. గాలికి వచ్చిన పుప్పొడి రేణువు ఆ పోగు మీద పడి, దాని లోపలి నుంచి నాళం వేసుకుంటూ కిందికి దిగి అండాన్ని చేరుతుంది. పోగుకి పుప్పొడి అందకపోతే అక్కడ గింజ కట్టదు. అందుకే పూత సమయంలో వాన ఎక్కువైనా, ఎండ ఎక్కువైనా పొత్తుకి పళ్లు ఊడినట్టు ఖాళీలు వస్తాయి.

దీనివల్ల ఒక విచిత్రం. ఒకే పొత్తులోని గింజలన్నిటికీ తల్లి ఒకటే. తండ్రులు మాత్రం వేరు వేరుగా ఉండొచ్చు. తెల్ల మొక్కజొన్న పక్కన నల్లది వేస్తే, ఆ ఏడాదే తెల్ల పొత్తులో అక్కడక్కడా నల్ల గింజలు కనిపిస్తాయి. మిగతా చాలా పంటల్లో కలయిక ఫలితం చూడాలంటే గింజ విత్తి మళ్లీ పంట పండేదాకా ఆగాలి. మొక్కజొన్నలో డొప్ప విప్పగానే తెలుస్తుంది. పక్క చేను గాలి ఇటు వచ్చింది అని చదువు లేనివాళ్లకి కూడా తెలుస్తుంది. అందుకే మెక్సికో మూలవాసులు విత్తనం కోసం చేను మధ్యలో పొత్తులు తీసుకోవడం, రంగు రంగుల రకాల్ని దూరంగా వేయడం, వేరే వేరే సమయాల్లో విత్తడం లాంటి పద్ధతులు పెట్టుకున్నారు. దాన్నే మన పుస్తకంలో ఏకాంత దూరం అని రాస్తారు.

ఎంచిన చేతులు

మూడో పాఠం ఎంపిక. పంట ఇంటికి వచ్చాక పొత్తుల కుప్ప ముందు కూర్చుని, ఇవి తిండికి, ఇవి అమ్మకానికి, ఇవి విత్తనానికి అని వేరు చేయడం. మెక్సికో పల్లెల్లో ఈ పని ఇప్పటికీ ఇంటి దగ్గరే జరుగుతుంది. చాలా చోట్ల ఆడవాళ్లు, మగవాళ్లు కలిసే చేస్తారు. ఏడాదికి ఒకసారి చేసే చిన్న పని. అదే 9,000 సార్లు జరిగితే చిటికెన వేలంత కంకి మూరెడు పొత్తు అవుతుంది.

వాళ్లు ఒక్క రకం తయారుచేసి ఆగిపోలేదు. మెక్సికోలో ఈరోజు దాదాపు 60 జాతుల దేశీ మొక్కజొన్న ఉంది. రొట్టెకి ఒకటి, పేలాలకి ఒకటి, తాగే అంబలికి ఒకటి. చలి కొండకి ఒకటి, ఎండ నేలకి ఒకటి. చేనులో మొక్కజొన్న ఒక్కటే వేయరు. చిక్కుడు జాతి తీగ, గుమ్మడి జాతి తీగ కలిపి వేస్తారు. ఆ పద్ధతి పేరు మిల్పా. పోడులో జొన్న, కంది, సామ, గుమ్మడి కలిపి వేసిన ఇళ్లవాళ్లకి దీన్ని ప్రత్యేకంగా వివరించక్కర్లేదు.

ఒక ఉదాహరణ చెప్తాం. వహాకా కొండల్లో టొటొంటెపెక్ అనే ప్రాంతంలో మిహే అనే మూలవాసులు ఉన్నారు. వాళ్ల మొక్కజొన్న చాలా ఎత్తు పెరుగుతుంది, కాండం మీద గాలిలో వేలాడే వేళ్లు వేస్తుంది. వాన కాలంలో ఆ వేళ్ల నుంచి జిగురు కారుతుంది. 2018లో ప్రచురించిన పరిశోధన, ఆ జిగురులో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి ఇస్తున్నాయని చెప్పింది. మొక్కకి కావలసిన నత్రజనిలో 29 నుంచి 82 శాతం దాకా అలా గాలి నుంచే వస్తోందని లెక్కగట్టారు. యూరియా బస్తా లేకుండా సారం లేని నేలలో పండే మొక్కజొన్న. శాస్త్రవేత్తలు చూసేసరికే అది అక్కడ తరతరాలుగా ఉంది.

వాళ్లకి జన్యువులు తెలియవు కదా, మరి అది సైన్స్ ఎలా అవుతుంది అని మా గదిలోనే ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మేం అనుకున్న జవాబు ఇది. మెండెల్‌కి కూడా డీఎన్ఏ తెలియదు. డార్విన్‌కి మెండెల్ లెక్కలు తెలియవు. అయినా వాళ్లు చేసింది సైన్సే. చూడడం, పోల్చడం, వేరు చేయడం, మళ్లీ విత్తి ఫలితం చూడడం, తప్పైతే మార్చుకోవడం. ఇవన్నీ ఆ పొత్తుల కుప్ప దగ్గర జరిగాయి. తేడా ఒక్కటే. వాళ్లు రాసిపెట్టలేదు. వాళ్ల రికార్డు గింజలోనే ఉంది. ఇప్పుడు డీఎన్ఏ చదివేవాళ్లు ఆ రికార్డునే చదువుతున్నారు.

జల్లు పీకే కూలి

1492లో కొలంబస్ మనుషులు క్యూబాలో మొక్కజొన్నను చూశారు. అక్కడి నుంచి అది యూరప్ చేరి, తర్వాత సముద్ర వ్యాపారంతో ఆసియాకి వచ్చింది. మన నేలకి చేరాక దాన్ని కొత్త పేరుతో కాకుండా జొన్నతో కలిపి మొక్కజొన్న అని పిలుచుకున్నాం. కొండ జనం ఎక్కడికక్కడ దాన్ని తమ పంటగా మార్చుకున్నారు. సిక్కిం కొండల్లో ఒక్కో మొక్కకి చాలా పొత్తులు వేసే పాత రకం ఉందని 1960ల్లో శాస్త్రవేత్తలు గుర్తించారు. దాన్ని అన్ని తరాలు నిలిపింది అక్కడి రైతులే.

ఇక హైబ్రిడ్ సంగతి. 1908లో అమెరికాలో జార్జ్ షల్ అనే శాస్త్రవేత్త ఒక విషయం రాశాడు. మొక్కజొన్నను దాని పుప్పొడితోనే దానికి కొన్ని తరాలు కలిపితే మొక్కలు గిడసబారిపోతాయి. కానీ అలా గిడసబారిన రెండు వేరు వేరు వరసల్ని కలిపితే పుట్టే బిడ్డలు ఒక్కసారిగా బలంగా, ఒకే ఎత్తుగా వస్తాయి. ఇదే హైబ్రిడ్ బలం. మన దేశంలో 1957లో మొక్కజొన్న మీద అఖిల భారత సమన్వయ ప్రాజెక్టు మొదలైంది. 1961లో మొదటి హైబ్రిడ్లు విడుదలయ్యాయి. వాటిలో ఒకదాని పేరు దక్కన్.

హైబ్రిడ్ గింజను మళ్లీ విత్తితే ఎందుకు బాగా రాదు? కంపెనీవాళ్లు ఏదో మందు కలిపారని ఊళ్లో అంటారు. కారణం మందు కాదు. పైన చెప్పిన మనవల లెక్కే. కొడుకుల తరంలో అందరూ ఒకేలా ఉంటారు, మనవల తరంలో గుణాలు విడిపోతాయి. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, బలం తగ్గుతుంది. అందుకే ప్రతి ఏడూ కొనాలి. 9,000 ఏళ్లలో మొదటిసారి విత్తనం ఎంచే పని రైతు ఇంటి నుంచి బయటికి వెళ్లిపోయింది.

మనలో కొందరికి ఈ పని చేతులతోనే తెలుసు. విత్తన మొక్కజొన్న వేసే చేలల్లో కొన్ని ఆడ వరసలు, పక్కన మగ వరసలు ఉంటాయి. ఆడ వరసల్లో పుప్పొడి రాలకముందే జల్లు పీకేయాలి. ఒక్కటి వదిలేసినా విత్తనం చెడుతుందని మేస్త్రి అరుస్తాడు. సెలవుల్లో ఆ కూలికి వెళ్లినవాళ్లం మాలో ముగ్గురం ఉన్నాం. ఆకులు చేతుల్ని కోసేస్తాయి, మెడ మీద పుప్పొడి పడి దురద పెడుతుంది. అప్పుడు అది కూలి పని. ఇప్పుడు పుస్తకం చదివితే అది షల్ చేసిన పనే. నియంత్రిత పరపరాగ సంపర్కం అని మార్కుల కోసం రాసే జవాబు, రోజు కూలికి మన చేతులు చేసిన పని ఒకటే.

ఆ జల్లు పీకే కూలి ఖర్చు మిగుల్చుకోవాలని అమెరికాలో ఒక దారి వెతికారు. టెక్సాస్‌లో ఒక రకం మొక్కజొన్న దొరికింది. దాని జల్లులో పుప్పొడి పనిచేయదు. ఆ గుణం మైటోకాండ్రియాలో వచ్చిన మార్పు వల్ల, తల్లి నుంచే బిడ్డలకి వస్తుంది. ఇంకేం, కూలీలు అక్కర్లేదు. 1970 నాటికి అమెరికా హైబ్రిడ్ మొక్కజొన్నలో దాదాపు 85 శాతం ఆ ఒక్క తల్లి వరస మీదే నిలబడి ఉంది.

ఆ ఏడాది ఒక ఆకుమచ్చ బూజు తెగులు వచ్చింది. పుప్పొడిని చంపిన ఆ మార్పే, ఆ బూజు విషానికి మొక్కను లొంగదీసింది. ఒకే మార్పుకి రెండు ముఖాలు. దక్షిణాన మొదలై గాలితో ఉత్తరానికి పాకింది. దేశం మొత్తం పంటలో సుమారు 15 శాతం పోయింది. నష్టం వంద కోట్ల డాలర్ల దాకా అని అంచనా. తర్వాత మళ్లీ జల్లు పీకే కూలీల్నే పిలిచారు. 1972లో అక్కడి నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ దీని మీద నివేదిక ఇచ్చింది. పంటలన్నీ ఒకే మూసలో ఉండడమే ప్రమాదానికి మూలం అని తేల్చింది.

పొత్తుల కుప్ప ముందు కూర్చుని రకరకాల గింజను విడివిడిగా దాచిన మెక్సికో ఇళ్లవాళ్లకి ఆ నివేదిక అక్కర్లేదు. ఒకటి పోతే ఇంకొకటి ఉండాలి అని వాళ్లకి ముందే తెలుసు.

మన ఇళ్లల్లో మిగిలినది

హైబ్రిడ్ వేయొద్దు అని మేం చెప్పడం లేదు. అలా చెప్పే హక్కు మాకు లేదు. మాలో కొందరి ఇంటర్ ఫీజు, హాస్టల్‌కి తెచ్చుకున్న ట్రంకు పెట్టె హైబ్రిడ్ మొక్కజొన్న డబ్బుతో వచ్చినవే. ఎకరానికి గింజ ఎక్కువ వస్తుంది, అమ్ముడవుతుంది. అది నిజం.

కానీ దాని పక్కనే ఇంకోటి జరుగుతోంది. మొక్కజొన్న వేయడానికి సామ చేను దున్నేశాం, అరికెలు ఆగిపోయాయి, కొండ జొన్న ఒకరిద్దరి ఇళ్లల్లోనే ఉంది. మొక్కజొన్న మెక్సికో నుంచి వచ్చింది. సామలు, అరికెలు అలా కాదు. ఆ రెండూ మన దేశంలోనే గడ్డి నుంచి పంటగా మారాయి. వాటికీ ఒక తియోసింటె కథ ఉంది. వాటి గింజ రాలకుండా ఎవరో ఎంచారు, ఎవరో దాచారు. వాటి మీద మాత్రం 50,000 మొక్కలు పెంచి లెక్కపెట్టిన బీడిల్ ఇంకా రాలేదు. మన గ్రూపులో అగ్రికల్చర్ బీఎస్సీ, బోటనీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. ఆ పని మీలో ఎవరైనా చేయొచ్చు. కానీ అప్పటికి గింజ మిగిలి ఉండాలి.

చట్టం గురించి కూడా తెలుసుకోండి. 2001లో మన పార్లమెంటు మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం చేసింది. దాని 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంట గింజను దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో అమ్మడానికి మాత్రం లేదు. రైతులు తరతరాలుగా కాపాడిన రకాన్ని రైతుల రకంగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. విత్తనం నిలిపిన సమాజాలకి ఆ చట్టం కింద అవార్డులు కూడా ఇస్తున్నారు. కంపెనీ రక్షణ పొందిన విత్తనం, చెప్పినంత పండకపోతే పరిహారం అడిగే హక్కు కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఊళ్లో పెద్దవాళ్లకి ఈ విషయం చదివి వినిపించడం మన పని.

అందుకే ఈ గ్రూపులో అందరినీ ఒక పని అడుగుతున్నాం. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు అమ్మనో, అవ్వనో, పెద్దమ్మనో నాలుగు విషయాలు అడగండి. ఇంట్లో విత్తనం కోసం ఏ గింజలు దాస్తున్నారు, మన భాషలో వాటి పేర్లేంటి. కంకి ఎంచేటప్పుడు ఏం చూస్తారు, పొడవా, రంగా, ముందు పండడమా, పిట్ట తినకపోవడమా. ఎందులో దాస్తారు, బూడిదా, వేపాకా, సొరకాయ బుర్రా. ఆ విత్తనం ఎవరి ఇంటి నుంచి వచ్చింది. చివరి ప్రశ్న మర్చిపోకండి. విత్తనం పెళ్లయి వచ్చిన కోడళ్లతో, చుట్టరికాలతో ఊరి నుంచి ఊరికి నడుస్తుంది. ఆ దారే దాని చరిత్ర.

జవాబులు కింద రాయండి. ఫోన్‌లో రికార్డ్ చేస్తే ఆ మాటల్ని ఉన్నది ఉన్నట్టు రాయండి, మార్చకండి. చెప్పినవాళ్ల అనుమతి అడిగి, వాళ్లు సరే అంటే వాళ్ల పేరు కూడా రాయండి. మొక్కజొన్నను తయారుచేసినవాళ్ల పేర్లు ఎవరూ అడగలేదు. మన అవ్వల పేర్లు అడగడానికి మనం ఉన్నాం.